ధడా కట్టిన మెదడు

తనకు అబద్ధమని తెలియని మాట చెప్పిన మనిషిని అబద్ధాలకోరు అనవచ్చా? మా బావ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయినప్పటి వయసును దాటుకుని నేను ముందుకొచ్చేశాను. ఎన్ని పుస్తకాలు తిరగేసినా, నాలో నేను ఎంత తర్కించుకున్నా, మళ్ళీ మళ్ళీ ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి చేరుతున్నాను.

బావ అంటే మా అక్క భర్త. ఆయన అసలు పేరు మా వీధిలో చాలామందికి తెలియదు. అందరికీ ఆయన ముల్లు మేస్త్రి. త్రాసులు బాగుచేయడం ఆయన వృత్తి. నగల కొట్లో గాజుపెట్టెలో ఉండే సున్నితపు త్రాసులు, మందుల షాపులో పొడులు తూచే చిన్నవి, పచారీ కొట్టు కాటాలు, తపాలా ఆఫీసులో ఉత్తరాలు తూచేది, అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. ఎవరు ఏ త్రాసు తెచ్చినా మొదట అడిగేది ఒకటే. "ముల్లేమంటోంది?"

త్రాసు మధ్యలో నిలబడి ఇటో అటో వాలే సూదిని ముల్లు అంటారు. ఆయనకు లోకమంతా ఆ సూది చుట్టూనే తిరిగేది. ఎవరికైనా జ్వరం తగ్గితే "ముల్లు నడిమికొచ్చిందా?" అని పరామర్శ. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే గొంతు తగ్గించి, "మరదలా, మీ అక్క ముల్లు ఇవాళ పూర్తిగా కుడివైపుంది, చూసి అడుగెయ్" అనేవాడు. లోపల్నుంచి అక్క, "వినపడుతోంది లెండి!" అనేది. నా జుట్టు నెరిసిన తర్వాత కూడా నేను ఆయనకు "మరదలు పిల్ల"నే.

ఆయన షాపు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధివైపు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్ల ముందు వీపు ఆనని స్టూలు. వీపు ఆనితే చెయ్యి బద్ధకిస్తుందనేవాడు. గోడకు బీరువా, అందులో పచ్చటి బట్ట పరిచిన పెట్టెల్లో ఇత్తడి తూనికరాళ్ళు వరసగా నిద్రపోతుండేవి. మరీ చిన్నవాటిని వేలితో ముట్టుకోనిచ్చేవాడు కాదు. "వేలికున్న జిడ్డుకి కూడా బరువుంటుంది మరదలా" అనేవాడు. కింది అరలో, తేలికైన పళ్ళెం అడుగున పెట్టి సరిచేయడానికి సీసపు రేకులు. ఫ్యాను ఉండేది గానీ పని జరుగుతుంటే తిరిగేది కాదు. ఎండాకాలంలో కూడా ఆ గది ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. వెనక ఇంకో చిన్న గది. అందులో ఒక సీసా, ఒక గ్లాసు.

ఆయన్ని తాగుబోతు అని ఎవరూ అనలేదు. వీధిలో తూలలేదు, ఇంట్లో చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. అందరూ టీ తాగినట్టు తాగేవాడు. పెళ్ళైన కొత్తలో పని ముగిశాక ఒక గ్లాసు. ఎప్పటినుంచో మధ్యాహ్నం భోజనానికి ముందు ఇంకొకటి. తర్వాత తర్వాత, పొద్దున్న షాపు తెరవగానే. ఎప్పుడు ఏది మొదలైందో అక్కకే సరిగ్గా తెలియదు. గోడకు చెమ్మ ఎక్కితే, ఏ రోజు ఎక్కిందని చెబుతాం?

పొద్దున్నపూట ఆయన చేతులు వణికేవి. తాళంచెవి తాళంలోకి వెళ్ళడానికి నానా తంటాలూ పడేది. వెనకగదిలోకి వెళ్ళి వచ్చాక అవే చేతులు రాతిలో చెక్కినట్టు నిలిచేవి. ఎదురు నగల కొట్టాయనకు ఇది బాగా తెలుసు. ఎవరైనా తొందరపడి త్రాసు పట్టుకొస్తే, వీధి అవతలి నుంచే కేకేసేవాడు. "ఓ అరగంటాగి రండి, మేస్త్రి ఇంకా మందేసుకోలేదు!"

బావ కూడా నవ్వేవాడు. "నిజమే మరదలా. ఈ వణుకు జబ్బుకి ఇదే మందు. ఏ డాక్టరూ రాయడుగానీ పనిచేస్తుంది."

మేమూ నవ్వేవాళ్ళం. ఆ వణుకు ఎవరు తెచ్చిపెట్టిందని ఎవరమూ అడగలేదు. గ్లాసు ఎత్తితే తగ్గుతోంది కాబట్టి గ్లాసు మంచిదే అనుకున్నాం.

అరవై దాటాక లెక్క మారింది. అదే గ్లాసు, అందులో అంతే కొలత. కానీ మధ్యాహ్నానికే నాలుక మందం కావడం, మెట్టు అందక తూలడం, భోజనం వదిలేసి కుర్చీలో కునికిపాట్లు పడడం మొదలయ్యాయి. "ఎక్కువ తాగుతున్నారు" అని అక్క, "లేదే, ఎప్పుడూ తాగేదే" అని ఆయన. ఇద్దరూ ఒట్టు పెట్టుకునేవాళ్ళు. ఇద్దరూ నిజమే చెప్పారని నాకు చాలా తర్వాత పుస్తకాల వల్ల తెలిసింది. వయసు మీద పడేకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుందట, కాలేయం తీరిగ్గా పనిచేస్తుందట. యవ్వనంలో పెద్ద గంగాళంలో పోసిన గ్లాసు, ఇప్పుడు చిన్న చెంబులో పోసినట్టు. మెదడులో కబుర్లు మోసే రసాయనాలు కూడా వయసుతో పలచబడతాయట. అంటే బావ మారకపోయినా, ఆయన గ్లాసు చుట్టూ ఉన్న ఒళ్ళంతా మారిపోయింది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. చదువుకుంటూనే తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకుంది, తర్వాత ఆ బల్లకే అతుక్కుపోయింది. తండ్రి చేసిన పనిని ఆయన చూడకుండా మళ్ళీ సరిచూడవలసిన రోజులు వచ్చాక, ఒకనాడు ఉండబట్టలేక అనేసింది.

"నాన్నా, ఇక ఈ బల్లా ఆ సీసా రెండూ కుదరవు. ఏదో ఒకటి అనుకో."

"ఇందులో అనుకోడానికేముందే? బల్లే" అన్నాడాయన.

అదే సాయంత్రం సీసా తీసుకెళ్ళి తూములో వంపేశాడు. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మిఠాయి కొనుక్కుని వెళ్ళాను. మేము అంత వెర్రివాళ్ళం. ఏళ్ళ తరబడి తాగినవాడు పెద్ద వయసులో ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుందని, డాక్టరు చేతిలో ఉండి మెల్లగా మానాలని మాలో ఎవరికీ తెలియదు.

మర్నాటికి ఒళ్ళంతా చెమటలు. నిద్ర లేదు. చేతులే కాదు, గడ్డం కూడా వణుకుతోంది. "ఓర్చుకోండి, విషం దిగిపోతోంది" అని అక్క వీపు రాస్తూ కూర్చుంది. మూడోనాడు పొద్దున్న ఆయన మంచం మీద లేచి కూర్చుని పైకప్పు వైపు చూస్తూ, "ఆ పళ్ళెం పట్టుకోండి! పడిపోతోంది! ఎవరైనా పట్టుకోండర్రా!" అని అరిచాడు. ఆయన గొంతు అంత ఎత్తున వినడం మాకు అదే మొదలు. ఆ వెంటనే ఒళ్ళు కొయ్యబారి మూర్ఛ వచ్చింది.

ఆస్పత్రిలో నర్సు కాగితం పట్టుకుని అడిగింది. "రోజూ ఏమైనా మందులు వాడతారా?"

"ఒకటే మందండీ" అంది అక్క.

"పేరు?"

అక్క నావైపు చూసింది, నేను గోడవైపు చూశాను. నర్సే అర్థం చేసుకుని, "ఎంత?" అంది.

"ఏదో, కొంచెమేనండీ. మర్యాదకి."

"అమ్మా, మర్యాదకి తాగితే మూర్ఛ రాదు" అంది నర్సు, మొహంలో నవ్వు కనపడనీయకుండా. అప్పుడు అక్క కూతురు ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన కొంచెం తేరుకున్నాక డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఓపికస్తుడు.

"మెదడులో కొన్ని రసాయనాలు 'నెమ్మది, నెమ్మది' అంటుంటాయమ్మా. కొన్ని 'కానీ, కానీ' అని తరుముతుంటాయి. ఆ రెండింటి పోరులోనే మనం బతుకుతాం. మందు లోపలికెళ్ళి 'నెమ్మది' పక్షం చేరుతుంది. రోజూ చేరుతుంటే మెదడు ఊరుకోదు. 'నెమ్మది' మాట వినే చెవులు తగ్గించుకుంటుంది, 'కానీ' మాట వినే చెవులు పెంచుకుంటుంది. అప్పుడే మనిషి మామూలుగా నిలబడగలడు. ఈయన ఏళ్ళ తరబడి అలా నిలబడ్డాడు. ఇప్పుడు మీరు ఒక్కసారిగా మందు తీసేశారు..."

అక్క మధ్యలో అందుకుంది. "అంటే ధడా కట్టేసిందన్నమాట."

"ఏం కట్టేసిందమ్మా?"

"ధడా అండీ. నూనెకి డబ్బా తీసుకెళితే, ఖాళీ డబ్బా ఒక పళ్ళెంలో పెట్టి, దానికి సరిపడా రాళ్ళు రెండో పళ్ళెంలో వేస్తారు చూడండి. అప్పుడు ముల్లు నడిమికొస్తుంది. ఈయన రోజూ ఇటువైపు గ్లాసు పెడుతుంటే మెదడు అటువైపు ధడా కడుతూ వచ్చింది. మేం గ్లాసు లాగేశాం. ధడా అలాగే ఉండిపోయింది. ఆ పళ్ళెం దభీమని కిందికి కొట్టేసింది."

"అంతేనమ్మా. సరిగ్గా అంతే" అన్నాడు డాక్టరు. "ఆ రాళ్ళు మెదడే ఒక్కొక్కటీ తీసుకోవాలి. వయసులో ఉన్నవాళ్ళకి తొందరగా తీస్తుంది. ఈ వయసులో ఆలస్యమవుతుంది. కొన్ని ఉండిపోవచ్చు కూడా."

ఇంకో మాట కూడా చెప్పాడు. తిండి సరిగ్గా తినక, తిన్నది మందు వల్ల ఒంటికి పట్టక, మెదడుకు కావలసిన ఒక విటమిను అడుగంటిందని, సూదిమందుగా ఇస్తున్నామని. జ్ఞాపకాలను పోగేసే చోటు దానివల్ల కొంత దెబ్బతిని ఉండవచ్చునని. ఆ మాట మా చెవికెక్కలేదు. మనిషి దక్కాడు, అదే చాలనుకున్నాం.

ఇంటికి వచ్చాక నాలుగు వారాలకు బావ చేతులు చూసి మేము ఆశ్చర్యపోయాం. వణుకు పోయింది. పొద్దున్న లేస్తూనే తాళం తీసేవాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

ఒకనాడు నేను వెళ్ళేసరికి వరండాలో కూర్చుని ఉన్నాడు. "ఎక్కడికైనా వెళ్ళొచ్చావా బావా?" అన్నాను ఊరికే.

"ఇప్పుడే తపాలా ఆఫీసు నుంచి వస్తున్నా మరదలా. త్రాసు మొరాయించిందట. ఆ పొట్టాయన ఒకటే గోల. టీ ఇచ్చాడుగానీ పంచదార వేయించడం మరిచాడు."

లోపలికి వెళ్ళి అక్కతో అన్నాను, అప్పుడే బయట తిరుగుతున్నాడే అని. అక్క చేతిలో గరిట ఆగిపోయింది. "గడప దాటలేదే. పొద్దున్నుంచి ఆ కుర్చీలోనే ఉన్నారు."

రోజూ ఇదే తంతు. మాటకు మాట చమత్కారంగా చెప్పేవాడు, పాత సంగతులు పొల్లుపోకుండా చెప్పేవాడు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఈయనకేం, నిక్షేపంలా ఉన్నాడనుకునేవాళ్ళు. పొద్దున్న ఏం తిన్నావని అడిగితే మాత్రం, లేని ఫలహారం రుచితో సహా చెప్పేవాడు. అక్క కూతురు మొదట దొంగతనంగా తాగుతున్నాడనుకుంది. దగ్గరికెళ్ళి వాసన చూసింది. ఏమీ లేదు. అప్పుడు దానికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"తాగే రోజుల్లోనైనా నిజం చెప్పేవాడివి నాన్నా!"

"ఇప్పుడు నేనేం అబద్ధమాడానే?" అన్నాడాయన. ఆ మొహంలో ఎంత వెతికినా కపటం కనపడలేదు.

డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళాం. "అబద్ధం కాదమ్మా అది. మనసు ఖాళీని భరించలేదు. పొద్దున్నపూట జ్ఞాపకం చోట గుంట ఉంటే, పాత సామాను తెచ్చి పూడ్చేస్తుంది. పూడ్చినట్టు ఆయనకే తెలియదు. నిలదీయకండి" అన్నాడు. "మరి పని?" అని అక్క కూతురు అడిగింది. "చేతికి వచ్చిన విద్య వేరే చోట ఉంటుంది, అది మిగిలే ఉంటుంది. చేసింది గుర్తుంచుకోవడమే కష్టం."

ఆ మాటలో సగం మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాం, విద్య మిగిలి ఉంటుందన్న సగం. ఆయన రోజూ అడిగేది అదొక్కటే కదా. "నేను నా మాట నిలబెట్టుకున్నానుగా. నా బల్ల నాకివ్వరేం?" సీసా వదిలినందుకు బల్ల దక్కాలి. అది ఆయనకూ కూతురికీ మధ్య ఒప్పందం. దాన్ని కాదనే గుండె ఆ పిల్లకీ లేదు, మాకూ లేదు. ఆ బల్ల పోతే ఆయన దగ్గర ఇంకేమీ మిగలదని అందరికీ తెలుసు.

షాపులో మళ్ళీ కూర్చున్న రోజున నగల కొట్టాయన వీధి దాటి వచ్చాడు. "సీసా వదిలేశావట మేస్త్రీ, సీసం మాత్రం వదలకయ్యా, మా గతేం కాను!" అని భుజం తట్టాడు. బావ మొహం వెలిగిపోయింది. సన్నటి పట్టకారు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. చెయ్యి కదిలితే ఒట్టు. పళ్ళేలు రెండూ వేలాడే దండె విప్పాడు, తుడిచాడు, బిగించాడు. ఆ వేళ్ళను చూస్తూ అక్క కూతురు, "పిన్నీ, ఇన్నేళ్ళలో నాన్న చెయ్యి ఇంత బాగుండడం నేను చూళ్ళేదు" అంది.

కొన్నాళ్ళు అలా నడిచింది. ప్రతి త్రాసునూ కూతురు ఒకసారి చూసి పంపేది. మూల మీది మందుల షాపాయన తన చిన్న త్రాసు తెచ్చిన రోజున మాత్రం షాపులో పని నెత్తిమీద ఉంది. బావ దాన్ని ముగించి పక్కన పెట్టాడు.

"బరువులేసి చూశావా నాన్నా?"

"చూడకుండా ఉంటానా? చిన్నది మొదలు పెద్దది దాకా అన్నీ వేసి చూశాను. రెండు పళ్ళేల్లోనూ మార్చి మార్చి చూశాను. నువ్వప్పుడు వెనకగదిలో ఉన్నావు."

కూతురు అప్పుడు నిజంగానే వెనకగదిలో ఉంది. అందుకే నమ్మింది. ఖాళీ పళ్ళేలతో ముల్లు చూసింది. నడిమిన నిలబడింది. ఇచ్చి పంపేసింది.

వారం తిరక్కుండా మందుల షాపాయన త్రాసు చంకన పెట్టుకుని వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. అక్క కూడా, టీ ఫ్లాస్కుతో. ఆయన అలవాటు ప్రకారం త్రాసును బావ ముందే పెట్టాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? ఖాళీగా ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలు. బరువు వేశానో, ఇక తనిష్టం. అదృష్టం బాగుండి పొడి కట్టకముందే ఇంకో త్రాసుతో సరిచూసుకున్నాను కాబట్టి బతికిపోయాను."

అక్క కూతురు చేతిలో పని ఆగిపోయింది.

బావ త్రాసును ఎగాదిగా చూశాడు. అది తన చేతిలోంచి వెళ్ళిందన్న జాడ ఆయన కళ్ళలో లేదు. "ముల్లేమంటోంది?" అన్నాడు మామూలుగానే. ఖాళీగా నిలిపి చూశాడు. బరువులు వేశాడు, పళ్ళేలు మార్చి మళ్ళీ వేశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఒక పళ్ళేన్ని తిప్పి అడుగు తడిమి, పట్టకారుతో చిన్న సీసపు రేకు ఊడబెరికాడు.

"ఎవరు చేశారీ పని?"

రేకును పట్టకారుతోనే పైకెత్తి చూపించాడు.

"దండె చేతులు రెండూ సమానంగా లేవు. ఇటు చెయ్యి పొడుగైంది. విప్పి దాన్ని సరిచేయాలి, అది పని. ఈ దొంగ వెధవ సీసంతో ధడా కట్టి ముల్లు నడిమికి తెచ్చి చేతులు దులుపుకున్నాడు. ఖాళీగా ఉంటే నిలబడుతుంది. బరువు మొయ్యమంటే ఎలా మోస్తుంది? చెప్పు! మందు పొడులు తూచే త్రాసయ్యా ఇది! పసిపిల్లలకి వెళతాయి!"

ఆయన నోట వెధవ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. మందుల షాపాయన తెల్లబోయి, "అదేంటి మేస్త్రీ, మొన్న నువ్వే..." అంటున్నాడు.

"నేనేనండీ" అంది అక్క.

ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గబగబా అంది. "నేనే పెట్టాను. ఆ రోజు మీరు పడుకున్నారు. ఈ షాపాయనేమో తొందరపెడుతున్నాడు. మీరు చేస్తుంటే చూశాను కదా, అలాగే పెట్టేశాను. బుద్ధి గడ్డి తిని."

మా అక్క ఏనాడూ పట్టకారు ముట్టుకున్న మనిషి కాదు. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు.

బావ రేకును అరచేతిలో వేసుకుని కిటికీ వెలుగులోకి తిప్పాడు. అది ఊరికే నలిపి కుక్కిన సీసం కాదు. మందు పొట్లంలా నాలుగు వైపులా మడిచి, చివరి కొసను మొదటి మడతలోకి దోపి ఉంది. అలా మడిచేవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే, బావా, ఆయన దగ్గర నేర్చుకున్న కూతురూ. ఆయన కూతురివైపు చూశాడు. అది తల దించుకుని ఏడుస్తోంది. తప్పు చేసినవాళ్ళ ఏడుపు కాదది. ఆయనకు ఆ తేడా తెలుసు.

చాలాసేపు ఆ మడతనే చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఈసారి ఏ కథా రాలేదు.

"నీకీ మడత ఎప్పుడొచ్చిందే?" అన్నాడు అక్కతో, చాలా మెత్తగా.

"చూసి చూసి వచ్చిందండీ" అంది అక్క.

"బాగా వచ్చింది."

రేకును బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. స్టూలు మీద నుంచి లేచి, దాన్ని కాలితో కూతురివైపు జరిపాడు. మందుల షాపాయన ఏదో అనబోతే అక్క చేత్తోనే వారించింది. బావ గుమ్మం దగ్గర చెప్పులు వెతికి వేసుకున్నాడు. ఒక్క చెప్పు తిరగబడి ఉంటే తీరిగ్గా సరిచేసుకున్నాడు. ఎదురుకొట్టు నుంచి నగలాయన, "అప్పుడే ఎక్కడికి మేస్త్రీ?" అని కేకేశాడు.

 బావ మాలో ఎవరితోనూ వస్తానని అనలేదు. మెట్లు దిగి, ఎండలో, ఇంటివైపు నడిచి వెళ్ళిపోయాడు.